తాళం తీసిన వైద్యం



ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఇరుగుపొరుగుకు చెప్పుకుంటాం. అదే మతి చలిస్తే మాత్రం గుట్టుగా దాచేస్తాం. "ఆడపిల్ల, పెళ్ళి కావలసింది, నలుగురికీ తెలిస్తే ఎలా?" అంటాం. అవునా, కాదా? ఈ భయం ఎక్కడినుంచి వచ్చిందో, దాన్ని పోగొట్టడానికి ఒక మహిళా డాక్టరు ఎంత పాటుపడ్డారో ఈవేళ చెప్పుకుందాం.

మద్రాసు కీల్పాక్‌లో 1871లో పిచ్చాసుపత్రి వెలిసింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోవే కదా! ఆ రోజుల్లో ఈ జబ్బులకు సరైన మందు లేదు. రోగిని గదిలో పెట్టి తాళం వెయ్యడమే చాలాచోట్ల జరిగేది. అందుకే ఆ గేటు పేరు చెబితేనే జనం హడలిపోయేవారు. 1952లో పారిస్ డాక్టర్లు క్లోర్‌ప్రోమజిన్ అనే మందు వాడి చూశారు. లేనిపోని అనుమానాలూ, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించడమూ మందుతో తగ్గుతాయని తేలింది. అంటే, ఇది దయ్యమూ కాదు, పూర్వజన్మ పాపమూ కాదు. జబ్బు, అంతే.

మన దేశంలో తొలి మహిళా మానసిక వైద్యురాలిగా పేరుపొందిన డాక్టర్ శారదా మీనన్ 1923లో మంగుళూరులో పుట్టారు. 1961 నుంచి 1978 దాకా ఈ కీల్పాక్ ఆసుపత్రికి పెద్దగా ఉన్నారు. మందుతో జబ్బు తగ్గినా, ఇంటికి తీసుకుపోయేవారు లేక ఆసుపత్రిలోనే ఉండిపోయేవాళ్ళుంటారు. మందు ఒక్కటే చాలదనీ, చేతికి పని కావాలనీ, ఇంటివాళ్ళ ఆదరణ కావాలనీ ఆమె గట్టిగా నమ్మారు. రోగులకు పనులు నేర్పించే కేంద్రం ఆ ఆసుపత్రిలో పెట్టించారు. రిటైరయ్యాక 1984లో స్కిజోఫ్రీనియా వ్యాధి కోసమే మద్రాసులో 'స్కార్ఫ్' అనే సంస్థ ప్రారంభించారు. అక్కడ వైద్యమూ, పరిశోధనా పక్కపక్కనే సాగుతాయి.

పరిశోధన అంటే గాజు సీసాలే అనుకోకండి. ఈ జబ్బు కొత్తగా వచ్చిన 90 మందిని మద్రాసు డాక్టర్లు 1980ల మొదట్లో ఎంచుకుని, ఏళ్ళ తరబడి కనిపెట్టి చూశారు. పదేళ్ళ తరవాత చూస్తే, ఎడతెగకుండా జబ్బుతోనే ఉన్నవారు కొద్దిమందే! "ఇక ఈ మనిషి పనికిరాదు" అన్న మాట ఎంత తప్పో చూశారా?

అదే స్కార్ఫ్ డాక్టర్లు, ఈ జబ్బువల్ల కాపురం చెడిన డెబ్బైమందికి పైగా స్త్రీలతో మాట్లాడి 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. చాలామంది ముసలి తల్లిదండ్రుల పంచన చేరినవారే. భర్త నుంచి మనోవర్తి కూడా అందనివారే ఎక్కువ. ఏనాటికైనా పిలుపు వస్తుందని మెడలో తాళి తియ్యనివాళ్ళూ ఉన్నారు. చదువుతుంటే గుండె కలుక్కుమంది. జబ్బుకు మందుంది. మరి ఈ గాయానికో? అది మన చేతిలోనే ఉంది.

శారదా మీనన్ గారు 2021లో, 98వ ఏట కన్నుమూశారు. మానసిక వైద్యం పొందడం ప్రతివారి హక్కు అని 2017లో చట్టం కూడా వచ్చింది. చట్టం ఊరికి తాళం తీసింది. ఇంటి తాళం మాత్రం మనమే తియ్యాలి. కోడలు నిద్రపోకుండా తనలో తను మాట్లాడుకుంటుంటే భూతవైద్యుడి కోసం పరుగెత్తకండి, పుట్టింటికి పంపెయ్యకండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే 14416కు ఫోను చెయ్యండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు. తగ్గాక ఆ అమ్మాయి వంటింట్లో మీ పక్కన నిలబడితే, మునుపటిలాగే ఓ పని చెప్పండి. సగం వైద్యం అదే.