దీవులకు చిన్న విమానాలే ఎందుకు నడుపుతారు? లగేజీ, చార్టర్ విషయంలో మీరు తెలుసుకోవాల్సినవి ఇవే

కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు ఓడలో వెళ్తే, దీవిని బట్టి 14 నుంచి 18 గంటలు పడుతుంది. అదే అగత్తికి విమానంలో అయితే దాదాపు గంటన్నర. సెలవుకు వెళ్లే మనకు ఇది సమయం ఆదా. దీవిలో ఉండేవారికి మాత్రం అత్యవసర మందు, రక్త నమూనా, పెద్దాసుపత్రికి చేరాల్సిన రోగి ఈ తేడా మీదే ఆధారపడతారు.

మరి అంత అవసరమున్న చోటికి పెద్ద విమానాలు ఎందుకు వేయరు? బ్యాగులో రెండు కిలోలు ఎక్కువైతే సిబ్బంది ఎందుకంత పట్టుబడతారు?

టర్బోప్రాప్ అంటే ఏంటి?

రెక్కల ముందు ప్రొపెల్లర్ కనిపించగానే ఇదేదో పాతకాలం విమానం అనుకుంటాం. నిజానికి లోపల పనిచేసేది జెట్ విమానాల్లో ఉండే టర్బైన్ లాంటిదే. తేడా ఏంటంటే, ఇక్కడ ఆ శక్తిలో ఎక్కువ భాగం గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పడానికి వెళ్తుంది.

దీనివల్ల దీవులకు మూడు లాభాలున్నాయి. ఒకటి, తక్కువ వేగంలోనే గట్టిగా ముందుకు లాగుతుంది కాబట్టి పొట్టి రన్‌వే నుంచి లేవగలదు. దిగాక ప్రొపెల్లర్ రెక్కల కోణాన్ని వెనక్కి తిప్పి త్వరగా ఆగగలదు కూడా. రెండు, రెండు మూడు వందల కిలోమీటర్ల ప్రయాణంలో జెట్ కంటే తక్కువ ఇంధనం తాగుతుంది. మూడు, పెద్ద విమానాలు వాడే జెట్ ఇంధనంతోనే నడుస్తుంది. పిస్టన్ ఇంజిన్ చిన్న విమానాలు చాలావాటికి ప్రత్యేకమైన పెట్రోల్ కావాలి. మారుమూల దీవుల్లో అది దొరకడం కష్టం.

ఏ విమానం ఏ పనికి?

లక్షద్వీప్‌లో విమానాశ్రయం ఒక్క అగత్తిలోనే ఉంది. రన్‌వే పొడవు సుమారు 1,200 మీటర్లు. 1988లో దీన్ని 19 సీట్ల డోర్నియర్ 228 లాంటి విమానాల కోసం ప్రారంభించారు. ఇప్పుడు 70 సీట్ల తరగతికి చెందిన ఏటీఆర్ 72 కూడా దిగుతోంది.

డోర్నియర్‌ను మన దేశంలోనే కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారు చేస్తుంది. అరుణాచల్ ప్రదేశ్‌లోని పాసీఘాట్ లాంటి చోట్లకు అలయన్స్ ఎయిర్ 2022 ఏప్రిల్‌లో వీటినే మొదలుపెట్టింది.

ట్విన్ ఆటర్ కెనడా విమానం. 1965లో తొలిసారి ఎగిరింది. చక్రాల బదులు ఫ్లోట్లు బిగిస్తే నీటి మీద దిగుతుంది. మాల్దీవుల్లో రిసార్టులకు తీసుకెళ్లే సీప్లేన్లు ఎక్కువగా ఇవే.

సెస్నా కారవాన్‌ది ఒకే ఇంజిన్. పెద్ద తలుపు, పొట్ట కింద సరుకు పెట్టె ఉండటంతో పార్సిళ్లకు బాగా పనికొస్తుంది. ఫెడెక్స్ చిన్న ఊళ్లకు ఏళ్ల తరబడి దీన్నే వాడుతోంది.

ఇన్ని రకాల్లో 19 సీట్లే ఎందుకు ఎక్కువ కనిపిస్తాయి? అంతకు మించితే చాలా దేశాల్లో క్యాబిన్ సిబ్బంది తప్పనిసరి. ఒక ఉద్యోగి జీతం, ఒక సీటు బరువు చిన్న విమానానికి తక్కువేం కాదు.

బరువు దగ్గర అంత పట్టు ఎందుకు?

ట్విన్ ఆటర్ 300 సిరీస్ గాల్లోకి లేవాలంటే మొత్తం బరువు 5,670 కిలోలు దాటకూడదు. విమానం, ఇంధనం, పైలట్లు, ప్రయాణికులు, బ్యాగులు అన్నీ కలిపే ఈ లెక్క. పెద్ద విమానంలో ప్రయాణికుల సగటు బరువుతో లెక్క వేస్తారు. చిన్నదాంట్లో మిమ్మల్నే కాటా ఎక్కించవచ్చు. బరువు ఎక్కడ పడుతుందన్నది కూడా ముఖ్యం కాబట్టి ఈ సీటులో కాదు, ముందు సీటులో కూర్చోండి అంటారు. మొహమాటపడి బరువు తగ్గించి చెప్పకండి.

దీవి ప్రయాణంలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ వాతావరణం చెడితే దిగడానికి పక్కన ఇంకో విమానాశ్రయం ఉండదు. ఒడ్డుకు తిరిగొచ్చేంత ఇంధనం ఉంచుకోవాలి. దీవిలో ఇంధనం దొరక్కపోతే రానూపోనూ ఇక్కడే నింపుకోవాలి. ఇంధనం పెరిగిన కొద్దీ సీట్లు, సరుకు తగ్గుతాయి. ఎండ ముదిరితే గాలి పలచబడి టేకాఫ్‌కు ఎక్కువ దూరం కావాలి. అందుకే అదే విమానం ఉదయం మోసిన బరువును మధ్యాహ్నం మోయలేకపోవచ్చు.

సరుకు మాటేంటి?

బియ్యం, సిమెంటు, డీజిల్ ఓడల్లోనే వెళ్తాయి. కిలోకు అయ్యే ఖర్చులో విమానం ఓడతో పోటీ పడలేదు. మందులు, తపాలా, విడిభాగాలు, త్వరగా పాడయ్యే చేపల్లాంటివే విమానం ఎక్కుతాయి. ప్రయాణికుల విమానంలోనే సరుకూ వెళ్లే చోట, ఒక అదనపు సూట్‌కేసు ఒక మందుల పెట్టెను రేపటి విమానానికి నెట్టేయొచ్చు.

చార్టర్ తీసుకోవాలంటే?

బృందంగా వెళ్లేవారు, అత్యవసరంగా రోగిని తరలించేవారు డబ్బు కట్టేముందు ఇవి అడగండి.

• ఆ సంస్థకు డీజీసీఏ ఇచ్చే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉందా? మధ్యవర్తి పేరు కాదు, విమానం నడిపే సంస్థ పేరు అడగండి.
• ఖాళీగా తిరిగెళ్లే ప్రయాణానికి కూడా మీరే కట్టాలా? చార్టర్ బిల్లు సాధారణంగా గంటల లెక్కన ఉంటుంది. ఖాళీ ప్రయాణం, నిరీక్షణ కలిస్తే మొత్తం బాగా పెరుగుతుంది.
• సీట్లు ఎన్ని కాదు, ఆ రోజు ఆ దూరానికి ఎన్ని కిలోలు మోస్తుంది?
• వాతావరణం వల్ల రద్దయితే డబ్బు తిరిగిస్తారా?
• రోగి అయితే స్ట్రెచర్, ఆక్సిజన్ ఎవరు సమకూరుస్తారు?

లక్షద్వీప్‌కు టికెట్ ఒక్కటే చాలదు. ప్రవేశ అనుమతి కూడా ముందే తీసుకోవాలి. మాల్దీవుల్లో సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి. మీ విమానం సాయంత్రం మాలే చేరితే ఆ రాత్రి అక్కడే గది చూసుకోవాల్సి రావచ్చు. పవర్ బ్యాంక్ ఎక్కడికెళ్లినా చేతి సంచిలోనే ఉంచుకోండి, చెక్-ఇన్ లగేజీలో వేయొద్దు.

మన దగ్గర పరిస్థితేంటి?

2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి ట్విన్ ఆటర్ సీప్లేన్‌ను ప్రయోగాత్మకంగా నడిపారు. అంతకుముందు గుజరాత్‌లో సబర్మతి, కేవడియా మధ్య 2020 అక్టోబరులో మొదలైన సీప్లేన్ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు. నీటి మీద దిగడం సాంకేతికంగా సాధ్యమేనని రెండూ చూపించాయి. రోజూ సీట్లు నిండటం, నిర్వహణ ఖర్చు భరించడం వేరే పరీక్ష. ముఖ్యంగా సముద్రపు ఉప్పు లోహాన్ని తినేస్తుంది కాబట్టి దీవుల్లో తిరిగే విమానాలను, ఇంజిన్లను తరచూ మంచినీటితో కడగాలి.

అందుకే ఇలాంటి సర్వీసు ఎక్కడ ప్రకటించినా టికెట్ ధర ఒక్కటే చూడకండి. వారానికి ఎన్ని రోజులు నడుస్తుంది, వానాకాలంలో ఉంటుందా, నష్టం వస్తే ఎవరు భరిస్తారు అన్నది కూడా చూడండి. సర్వీసు ఏడాది తర్వాత కూడా ఉంటుందో లేదో తేల్చేవి అవే.