దేవుడి సుత్తి మెడలోకి ఎలా వచ్చింది?



మన వేల్పుల గుర్తులతో లాకెట్లు, గోడకు తగిలించే ఫలకాలు చేయిద్దామా వద్దా అని గ్రూపులో మళ్లీ మళ్లీ మాట వస్తోంది. చేయిద్దామనేవాళ్లు "అందరికీ ఉన్నాయి, మనకెందుకు ఉండకూడదు" అంటున్నారు. వద్దనేవాళ్లు "పేన్‌ని మెడలో కట్టుకుని బస్టాండులో తిరుగుతామా" అంటున్నారు. రెండూ కొట్టిపారేసే మాటలు కావు. అందుకే వెయ్యేళ్ల కింద ఇలాంటి ఇరకాటంలోనే పడ్డ ఒక జనం సంగతి రాస్తున్నాం. ఇప్పటి డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఐస్‌లాండ్ వాళ్ల పాత తరాల సంగతి ఇది. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ముందు 'పేగన్' అనే మాట చూద్దాం. ఇప్పుడు ఆన్‌లైన్ అంగళ్లలో 'పేగన్ దేవతల విగ్రహాలు' అని అమ్ముతున్నారు కదా, ఆ మాట ఆ దేవుళ్లను కొలిచినవాళ్లు పెట్టుకున్నది కాదు. లాటిన్‌లో పగానుస్ అంటే పల్లెవాడు. పట్నాల్లో క్రైస్తవం వచ్చాక, పాత దేవుళ్లను వదలని జనానికి ఆ పేరు అంటగట్టారు. ఇంగ్లీషులో ఇంకో మాట 'హీతెన్', బీడు భూముల్లో ఉండేవాడని అర్థం చెబుతారు. మనల్ని కొండోళ్లు, అడివోళ్లు అన్నట్టే. బ్రిటిష్ కాలం జనాభా లెక్కల్లో మన పూర్వీకులను 'ఆనిమిస్ట్' అని రాశారు. అదీ మన నోటి మాట కాదు.

సరే, అసలు సంగతికి వద్దాం. రోమ్ చరిత్రకారుడు టాసిటస్ సామాన్య శకం 98లో జర్మానిక్ తెగల గురించి రాస్తూ, వీళ్లు దేవుళ్లను గోడల మధ్య పెట్టరు, మనిషి ముఖం ఇవ్వరు, అడవులనే పవిత్రంగా చూస్తారు అన్నాడు. చదివితే మన గురించే రాశాడేమో అనిపిస్తుంది. అయితే పూర్తిగా నమ్మడానికి లేదు. డెన్మార్క్‌లో బ్రోడెన్‌బ్యెర్గ్ అనే చోట, టాసిటస్ కంటే కొన్ని వందల ఏళ్ల ముందటి చెక్క బొమ్మ దొరికింది. చీలిన ఓక్ కొమ్మనే కాళ్లుగా వాడుకుని పైన ముఖం చెక్కారు. అంటే బొమ్మలూ ఉన్నాయి, చెట్లూ ఉన్నాయి. బయటివాడు ఒకటి చూసి ఇంకోటి వదిలేశాడు. మన మీద వచ్చిన పుస్తకాల్లో ఇలాంటివి ఎన్ని లేవు!

ఆ చెట్లకు ఏమైంది? 8వ శతాబ్దంలో బోనిఫేస్ అనే మతప్రచారకుడు జర్మనీలోని గైస్మార్ దగ్గర దోనార్ దేవుడి ఓక్ చెట్టును నరికించి, ఆ కలపతోనే ప్రార్థనా మందిరం కట్టించాడు. 772లో షార్లమేన్ రాజు సాక్సన్ల పవిత్ర స్తంభం ఇర్మిన్‌సూల్‌ను కూల్చాడు. జాతర జరిగే ఇప్పచెట్టును కొట్టి, ఆ దూలాలతోనే వేరే గుడి కడితే ఎట్లుంటుందో ఊహించండి.

ఈ దోనార్‌నే ఉత్తరాన థోర్ అంటారు. ఉరుముల దేవుడు. ఆయన చేతి సుత్తి పేరు మ్యోల్నిర్. రాక్షసులను కొట్టడానికే కాదు, పెళ్లిలో వధువు ఒడిలో పెట్టి దీవించడానికి కూడా సుత్తి తెచ్చినట్టు వాళ్ల పాత పాటల్లో ఉంది. థోర్ ఎక్కువగా మామూలు రైతుల దేవుడు. రాజులు, కవులు ఓడిన్ వైపు మొగ్గారు.

ఇక మెడలో వేసుకునే సుత్తులు. వెండి, ఇనుము, కంచు, సీసం, అంబర్ లాంటి వాటితో చేసిన చిన్న సుత్తులు వెయ్యి దాకా తవ్వకాల్లో బయటపడ్డాయి. 10వ శతాబ్దానివి చాలా ఎక్కువ. సరిగ్గా అప్పుడే మెడలో సిలువలు వేసుకున్నవాళ్లు ఆ ఊళ్లకు వస్తున్నారు. అందుకని, ఇది సిలువకు ఇచ్చిన జవాబని కొందరు చరిత్రకారులు అంటారు. 'నీకు నీ గుర్తుంటే నాకు నా గుర్తుంది' అన్నట్టు. మాకు ఇది సగం నిజమే అనిపిస్తుంది. ఎందుకంటే సిలువ గట్టిగా రాకముందే స్వీడన్ సమాధుల్లో ఇనుప కడియాలకు చిన్న సుత్తులు గుచ్చి పెట్టారు. గుర్తు పాతదే. దాన్ని నలుగురికీ కనపడేలా వేసుకోవాల్సిన అవసరమే కొత్తగా వచ్చి ఉంటుంది.

ఇక్కడ మాకు బాగా నచ్చిన వస్తువు ఒకటుంది. డెన్మార్క్‌లోని ట్రెండ్‌గార్డెన్ దగ్గర దొరికిన బలపపు రాయి అచ్చు. 10వ శతాబ్దానిది. ఒకే రాయి మీద సిలువకూ, థోర్ సుత్తికీ గుంటలు చెక్కి ఉన్నాయి. ఆ కంసాలి తెలివైనవాడు! ఎవరు ఏది అడిగితే అది పోసి ఇచ్చేవాడు. అతనిది ఏ మతమో రాయి చెప్పదు. ఐస్‌లాండ్‌లో ఫోస్ అనే చోట దొరికిన వెండి లాకెట్ ఇంకా తమాషా. చివర జంతువు తల ఉంటుంది, సిలువ అంటే సిలువ, సుత్తి అంటే సుత్తి. వేసుకున్నవాళ్లు అడిగినవాళ్లను బట్టి జవాబు చెప్పేవాళ్లేమో!

2014లో డెన్మార్క్‌లోని లోలాండ్ దీవిలో, కోబెలెవ్ ఊరి పొలంలో ఇంకో సుత్తి దొరికింది. దాని మీద రూనిక్ లిపిలో చిన్న మాట చెక్కి ఉంది: 'ఇది సుత్తి'. అంతే. అందులోనూ ఒక అక్షరం తప్పిపోయింది. అంతకుముందు ఆ లాకెట్లు నిజంగా సుత్తులేనా, వేరే ఏమైనా గుర్తులా అని పండితులు వాదించుకునేవాళ్లు. అంత చిన్న మాట ఆ వాదాన్ని చాలావరకు ఆపింది.

ఎందుకు వాదించుకోవాల్సి వచ్చిందంటే, వేసుకున్నవాళ్లు ఏమనుకుని వేసుకున్నారో చెప్పే నోరు మిగల్లేదు. వస్తువులు మిగిలాయి, చెప్పేవాళ్లు పోయారు. ఐస్‌లాండ్‌లో దొరికిన ఎయర్‌లాండ్ విగ్రహం దీనికి ఇంకో ఉదాహరణ. సుమారు 1000 నాటి కంచు బొమ్మ, 6.7 సెంటీమీటర్లు. కూర్చుని రెండు చేతులతో ఏదో పట్టుకుని ఉంటుంది. థోర్ అని ఎక్కువమంది అంటారు. కాదు, ఆటలో పావు అని ఇంకొందరు అంటారు. ఇవాళ అంగళ్లలో దొరికే చాలా థోర్ బొమ్మలు దీని నకళ్లే.

ఐస్‌లాండ్ మతం మారిన తీరు కూడా చెప్పుకోవాలి. 1000 ప్రాంతంలో సభలో రెండు వర్గాలు కొట్టుకునే దాకా వచ్చాయి. తీర్పు చెప్పే బాధ్యత థోర్‌గెయిర్ అనే పెద్దమనిషికి ఇచ్చారు. ఆయన పాత దేవుళ్ల మనిషే. ఒక పగలు, ఒక రాత్రి దుప్పటి కప్పుకుని పడుకుని, లేచి అందరూ క్రైస్తవులు కావాలన్నాడు. ఇంట్లో రహస్యంగా పాత బలులు ఇచ్చుకోవచ్చు, సాక్షులు ఉంటేనే తప్పు అని కూడా చెప్పాడు. కొన్నేళ్లకు ఆ సందు కూడా మూసేశారు. ఆ దేవుళ్ల కథలను స్నోరి స్టుర్లుసన్ పుస్తకంగా రాసింది 1220 ప్రాంతంలో. ఆయన క్రైస్తవుడు. అప్పటికి రెండు వందల ఏళ్లు దాటిపోయాయి. ఈరోజు ప్రపంచానికి థోర్ గురించి తెలిసినదాంట్లో పెద్ద భాగం ఆ పుస్తకం దయే.

చెప్పేవాళ్లు లేని గుర్తును ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. నాజీలు అదే చేశారు. ఆ రూనిక్ అక్షరాలను ఎస్ఎస్ సేనల బట్టల మీద కుట్టించుకున్నారు. ఇప్పటికీ జాత్యహంకార ముఠాలు సుత్తి లాకెట్ వేసుకుంటున్నాయి. భక్తితో వేసుకునేవాళ్లు మాత్రం 'మేం వాళ్లం కాదు' అని చెప్పుకోవాల్సి వస్తోంది. భక్తితో వేసుకునేవాళ్లూ ఉన్నారు మరి. 1972లో ఐస్‌లాండ్‌లో స్వెయిన్‌బ్యోర్న్ బెయిన్‌టెయిన్సన్ అనే రైతు కవి, మరికొందరు కలిసి పాత దేవుళ్ల సంఘం పెట్టారు. మరుసటి ఏడాది ప్రభుత్వం గుర్తించింది. 2013లో అమెరికా ప్రభుత్వం చనిపోయిన సైనికుల సమాధి రాళ్ల మీద థోర్ సుత్తి చెక్కడానికి ఒప్పుకుంది.

వీళ్ల కోసమే ఆ అంగళ్లు. రెసిన్‌తో పోసి కంచు రంగు పూసిన ఓడిన్, రెండు బొంతకాకులతో. పిల్లులతో ఫ్రేయా. 'వైకింగ్ దిక్సూచి' అని వెగ్‌విసిర్ ఫలకాలు. ఈ వెగ్‌విసిర్ దొరికింది వైకింగ్‌ల దగ్గర కాదు. 1860లో ఐస్‌లాండ్‌లో రాసిన ఒక చేతిప్రతిలో ఉంది. వైకింగ్‌లు పోయిన ఎనిమిది వందల ఏళ్లకు! కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మేడారంలో సమ్మక్క కుంకుమ భరిణ రూపంలో వస్తుంది, విగ్రహం లేదు. కానీ పులి మీద కూర్చున్న తల్లి పటాలు ఎన్ని ఇళ్లల్లో లేవు? గోండుల పెర్సపేన్ ఇనుప మొన, చామరం. ముఖం లేదు. కోయల ఇలవేల్పుల కథ పడిగె గుడ్డ మీద ఉంటుంది. డోలీలు విప్పి పాడితేనే అది కథ, లేకపోతే గుడ్డ. పర్ధాన్ కింగ్రీ లేకుండా పేన్ కథ లేదు. అంటే మన దగ్గర గుర్తు, చెప్పే మనిషి కలిసే ఉన్నారు. ఉత్తరాన తెగిపోయింది ఈ ముడే.

అలాగని బొమ్మలు మనకు పరాయివి అనడం కూడా అబద్ధం. ఆదిలాబాద్ ఓజాలు మట్టి మీద మైనం తీగలు చుట్టి, మళ్లీ మట్టి పూసి, మైనం కరిగించి ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఈ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లాకెట్ చేయించాలంటే ఫ్యాక్టరీ రెసిన్ కాకుండా ఈ చేతులు ఉన్నాయి. వాళ్లకూ పని దొరుకుతుంది.

2011 జనాభా లెక్కల్లో మతం గడిలో 49 లక్షలకు పైగా మంది సర్నా అని, 10 లక్షలకు పైగా మంది గోండు అని రాయించుకున్నారు. ప్రత్యేక గడి లేకపోయినా. అలాంటి జనానికి గుర్తు కావాలనిపించడం తప్పేం కాదు.

మా మాట ఏంటంటే, లాకెట్ డిజైన్ కంటే ముందు ఒక పని చేద్దాం. మీ ఇంటి పేరు వాళ్ల వేల్పు ఏ వస్తువులో ఉంటుంది, ఎవరు ముట్టుకోవచ్చు, ఊరు దాటించవచ్చా లేదా, ఏ కథతో బయటికి తీస్తారు అని మీ కటోడానో, వడ్డెనో, పర్ధాన్‌నో, డోలీనో అడిగి, వాళ్లు ఒప్పుకున్నంత మేరకే రాయండి. మీ భాషలోనే రాయండి, పక్కన తెలుగు పెట్టండి. బయటికి చెప్పకూడదని వాళ్లంటే ఆ మాటే రాయండి. పుష్య మాసంలో అందరూ ఊళ్లకు వెళ్తాం కదా, ముసలోళ్లు తీరిగ్గా దొరికేది అప్పుడే.