గట్టు మీద ఆర్కిడ్

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో ఆర్కిడ్లు ఎక్కడున్నాయి అంటారు చాలామంది. పుస్తకాలు నేర్పిన లెక్క అలాంటిది. ఆర్కిడ్ అంటే అరకు, మారేడుమిల్లి, అవి కాకుంటే ఈశాన్య రాష్ట్రాలు. కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట అంటే పత్తి, మిరప, సున్నపురాయి. చెట్ల మీద పెరిగే పెద్ద పూల ఆర్కిడ్ల వరకైతే ఈ లెక్కతో నాకు పెద్ద పేచీ లేదు. చెమ్మ నేలల సంగతికొస్తే మాత్రం ఇది తప్పు. ఆ తప్పు ఎక్కడ మొదలైందో చూడాలి.

చెరువు కింద జాలు నేలల్లో, మాగాణి గట్ల మీద, ఏటి ఒడ్డు పచ్చికలో పెరిగే నేల ఆర్కిడ్ ఒకటుంది. శాస్త్రనామం జ్యూక్సిన్ స్ట్రాటియుమాటికా. మామూలుగా జానెడు ఎత్తు మించదు. ఆకులు సన్నగా గడ్డిపోచల్లా ఉంటాయి, ఆకుపచ్చలో కాస్త ఊదా గోధుమ ఛాయ కలిసి. చలికాలంలో కాడ చివర చిన్న కంకి వేస్తుంది. అందులో చిన్నచిన్న తెల్లపూలు ఒత్తుగా, ఒక్కోదానికి పసుపుపచ్చ పెదవి. పురుగుల సాయం లేకుండానే గింజ కడుతుంది. గింజ దుమ్ములా ఉంటుంది, లోపల తిండి నిల్వ ఉండదు. తగిన బూజు మట్టిలో దొరికితేనే మొలుస్తుంది. గింజ రాలాక పూసిన కాడ ఎండిపోతుంది. పూతలో లేనప్పుడు చూస్తే గడ్డి అనే అనుకుంటాం.

పేరు చరిత్ర త్వరగా చెప్పేయొచ్చు. లిన్నేయస్ 1753లో సింహళం నుంచి వెళ్లిన నమూనాల ఆధారంగా దీన్ని ఓర్కిస్ ప్రజాతిలో పెట్టాడు. 1826లో లిండ్లే జ్యూక్సిన్ ప్రజాతిని ఏర్పరిచాడు. ఇప్పటి పేరు 1911లో ష్లెక్టర్ స్థిరపరిచింది. అసలు చిక్కు ఈ వరసలో లేదు, తెలుగు నేల మీద ఉంది.

వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1780ల్లో సామర్లకోటలో పనిచేశాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్లిపోయాడు. ఆయన చరిత్రను ఎక్కువమంది కలకత్తా నుంచే మొదలుపెడతారు. కానీ 1795లో వెలువడడం మొదలైన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం సర్కారు జిల్లాల్లో పుట్టింది. అందులో 37 నుంచి 44 వరకు ఉన్న పటాల్లో ఎక్కువ ఆర్కిడ్లవే. ఇప్పుడు హాబెనారియా ప్రజాతిలో ఉన్న నేల ఆర్కిడ్, జియోడోరమ్‌లు, చెట్టు మీద పెరిగే వాండా టెస్సెలేటా, అకాంపె, సింబిడియం అక్కడ నిండు పటాలుగా ఉన్నాయి. అంటే మైదానపు ఆర్కిడ్లను ఐరోపా పండితలోకానికి చక్కగా చూపిన తొలి పుస్తకాల్లో ఒకటి తెలుగు సీమ నుంచే వెళ్లింది. ఆర్కిడ్లు మనవి కావు అనే మాటకు 1795లోనే జవాబు ఉంది.

ఆ జవాబులో గట్టు ఆర్కిడ్ మాత్రం లేదు. ఈ మొక్కకు రాక్స్‌బర్గ్ పెట్టిన పేరు, టెరిగోడియం సల్కేటమ్, ఆయన 1815లో పోయిన తర్వాత 1832లో అచ్చయిన ఫ్లోరా ఇండికాలో కనిపిస్తుంది. దీన్నిబట్టి అది మన వైపు ఉండేది కాదనో, అరుదనో తేల్చేస్తారు. ఇది తొందరపాటు. రాక్స్‌బర్గ్ లండన్‌కు పంపిన బొమ్మలు సుమారు 500. వాటిలోంచి జోసెఫ్ బ్యాంక్స్ ఏరగా మూడు సంపుటాల్లో 300 అచ్చయ్యాయి. ఏరినవాళ్లు లండన్‌లో కూర్చుని ఏరారు. పెద్ద పువ్వు, కొత్త రూపం, ఈస్టిండియా కంపెనీకి పనికొచ్చే గుణం ఉంటే మొక్కకు చోటు దక్కింది. జానెడు మొక్క, అప్పటికే లిన్నేయస్ పేరు పెట్టిన మొక్క, ఆ వడపోతలో నిలవకపోతే వింతేముంది? పుస్తకంలో లేదన్నది నేల మీద లేదనడానికి సాక్ష్యం కాదు.

ఇక్కడ నా వాదనకు కూడా హద్దు గీసుకోవాలి. కొండపల్లి కూడా ఒక సర్కారే. కంచికచర్ల దాని పరిధిలోనిదే. అయినా రాక్స్‌బర్గ్ సర్కార్లు అని రాసిన ప్రతిచోటా మన మునేరు ఏటి ఒడ్డు ఉందని చదవకూడదు. సామర్లకోట డెల్టా అంచున ఉంది, ఇక్కడిది నల్లరేగడి, రాతి నేల. ఎండిపోయే నేలలో చెమ్మ మొక్కకు చోటిచ్చింది మనిషి కట్టిన చెరువు. కట్ట అడుగున ఊట, తూము పక్కన పచ్చిక, అలుగు దిగువన తడి ఆరని మడి. ఇవి అడవి కావు కాబట్టి అడవుల శాఖ లెక్కలోకి రాలేదు. పంట కావు కాబట్టి వ్యవసాయం లెక్కలోకీ రాలేదు. మన ఆర్కిడ్ చరిత్రలో ఖాళీ పడ్డది ఇక్కడే.

తర్వాతి కాలంలో వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వైట్ దగ్గర బొమ్మలు గీసిన రంగయ్య, గోవిందు పేర్లు తలవకుండా ముందుకు పోలేను. 1853లో వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరే పెట్టాడు, గోవిందూయియా అని. ఇప్పుడది ట్రోపిడియాలో కలిసిపోయింది. రాక్స్‌బర్గ్ చిత్రకారులకు ఆ పాటి గౌరవం కూడా దక్కలేదు. 

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లతో మెట్టలో తడి పెరిగింది కాబట్టి తడి మొక్కలూ పెరిగి ఉండాలనే వాదన వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఈ మొక్కకు కావలసింది నీటి పరిమాణం కాదు, కదపని తడి. ఏటా చెక్కి, మట్టి పూసి, గడ్డి మందు కొట్టే గట్టు మీద గింజకు బూజు దొరికి, మొలిచి, పూతకొచ్చే వ్యవధే ఉండదు. కాలువకు సిమెంటు వేస్తే ఊటే ఆగిపోతుంది. చెరువుల పూడిక తీయడం రైతుకు అవసరమే, కాదనను. కానీ ప్రొక్లెయిన్‌తో ఒడ్డును నిలువునా కోస్తే వాలుగా ఉండే పచ్చిక పోతుంది. పరిటాల, దొనబండ వైపు క్రషర్లు కొండలు తింటున్నాయన్న ఆందోళన న్యాయమైనదే. అయితే ఆర్కిడ్ల మీద దెబ్బంతా కొండల మీదే పడుతోందనుకుంటే సగమే చూసినట్టు.

ఇది సుకుమారమైన మొక్క, కాలానికి తట్టుకోలేదు అనేవాళ్లకు అమెరికా ఒక్కటే చాలిన జవాబు. మన ఆసియా మొక్క 1936లో ఫ్లోరిడాలో కనిపించింది. ఆ తర్వాత జార్జియా, లూసియానా, టెక్సస్ దాకా పాకింది. అక్కడ ఇళ్ల ముందరి పచ్చికలో కలుపులా మొలుస్తోంది. గడ్డి కోసే యంత్రాలకు తట్టుకుంది. అలాంటి మొక్క తన సొంత సీమలో నిలవలేకపోతే లోపం మొక్కది కాదు.

చట్టం కూడా కొండ ఆర్కిడ్ల వైపే చూసింది. 1972 వన్యప్రాణి చట్టానికి 1991లో సవరణ చేసి మొక్కల్ని చేర్చినప్పుడు నీలి వాండా, ఎర్ర వాండా, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లకు రక్షణ ఇచ్చారు. మైదానపు ఆర్కిడ్ ఒక్కటీ అందులో లేదు. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల్లో తయారుచేయాల్సిన జీవవైవిధ్య రిజిస్టర్లు ఈ మొక్కకు మంచి అవకాశం. అవి ఊళ్లో కూర్చుని నింపే ఫారాలు కాకూడదు. సంక్రాంతి తర్వాత వరి కోసిన మళ్ల గట్ల మీద, చెరువు కట్ట కింద వంగి చూసి రాయాలి. వానాకాలంలో సర్వే చేసినవాళ్లు దీన్ని గడ్డిలోనే కలిపేస్తారు. నందిగామ, జగ్గయ్యపేట కాలేజీల వృక్షశాస్త్ర విద్యార్థులకు ఇంతకంటే దగ్గరలో పని ఏముంది?