బొగ్గు పలకలు - ఉప్పు నీరు

గోలకొండ కోటకు ఒకప్పుడు దుర్గం చెరువునుండి మంచినీరు వచ్చెడిది. కుతుబ్‌షాహీల నాటి ఆ చెరువు చుట్టును నేడు మాదాపూరు, హైటెక్ సిటీ మేడలు లేచినవి. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు అచట జనము పెరిగినది. నీటి కరవును పెరిగినది. కుళాయి నీరు చాలనిచోట బోరు నీరే దిక్కు. కాని గ్రానైటు రాతి పగుళ్లలో చిరకాలము నిలిచిన నీటిలో లవణములు కరగియుండును. కొన్నిచోట్ల ఫ్లోరైడును ఉండును. నల్లగొండ ప్రజలకు దాని బాధ తెలిసినదే.

ఉప్పునీటిని కాచి, ఆవిరిని చల్లార్చుట పాత పద్ధతి. లీటరులో రెండు గ్రాముల ఉప్పున్నచో, దానికొరకు లీటరు నీటిని మరిగింపవలెను. నీటిని విడిచి ఉప్పునే లాగరాదా?

ఈ ఆలోచనతో అమెరికాలోని ఓక్లహామా విశ్వవిద్యాలయమున బ్లెయిర్, మర్ఫీ అనువారు చేసిన పరిశోధన 1960లో వెలువడినది. రెండు బొగ్గు పలకల నడుమ నీటిని పారించి, సుమారు 1.2 వోల్టుల విద్యుత్తు నిచ్చినచో, సోడియం అయాన్లు ఋణ పలకను, క్లోరైడు అయాన్లు ధన పలకను చేరును. వోల్టులు మరీ పెరిగినచో నీరే విడిపోవును. గ్రాము ఉత్తేజిత బొగ్గులోని రంధ్రముల వైశాల్యము వేయి చదరపు మీటర్లు, అనగా పావు ఎకరము! పలకలు నిండిన పిమ్మట విద్యుత్తును ఆపినను, త్రిప్పినను ఉప్పు వెలికివచ్చును. కండెన్సరులో వలె కొంత విద్యుత్తు తిరిగి దక్కును.

అయితే ఆ రోజులలోనే లాస్ ఏంజలిస్‌లో లోబ్, భారతీయుడైన సూరిరాజన్ మేలైన వడపోత పొరను నిర్మించిరి. లోకము దానివంక మొగ్గెను. బొగ్గు పలకలు మూలబడినవి. 1989లో పెకాలా లివర్‌మోర్ ప్రయోగశాలలో కార్బన్ ఏరోజెల్‌కు మార్గము చూపెను. 1990 తరువాత అచటనే ఫార్మర్ బృందము దానితో పలకలు చేసి పాత తలంపునకు ప్రాణము పోసినది.

సముద్రజలమునకు ఈ పద్ధతి తగదు. లీటరుకు 35 గ్రాముల ఉప్పును పలకలు మోయలేవు. పలకలు క్రమముగా ఆక్సీకరణమునకు లోనగుటయు కలదు. కొద్దిపాటి ఉప్పుగల బోరు నీటికి మాత్రము ఇది అనువైనది. ఇండ్లలోని పొర యంత్రములు ఇచ్చు నీటికంటె పారబోయు నీరే తరచు ఎక్కువ. ఆ నష్టమును తగ్గింపగలుగుటయే బొగ్గు పలకలపై గల ఆశ.

ఏ పద్ధతియైనను ఉప్పును మాయము చేయదు. పలకలను కడిగిన నీటిలో అది చిక్కబడి నిలుచును. ఆ నీటిని మరల చెరువులోనికి వదలినచో, ఒకనాడు కోటకు దాహము తీర్చిన నీటికి మనము చేసిన మేలేమి?