మధుమేహ నివారణ: దాచింగు నగరము నేర్పిన పాఠము

మధుమేహము క్రొత్త వ్యాధి కాదు. రోగి మూత్రమునకు చీమలు మూగుటను మన ప్రాచీన వైద్యులు గమనించిరి. సుశ్రుత సంహితలో ప్రమేహ రోగులకు చెప్పిన చికిత్సలలో కాలినడకన దూరప్రయాణము చేయుట, బావులు త్రవ్వుట వంటి పనులు కూడ కలవు. మితముగా భుజింపవలెను, ఒడలు వంచి పనిచేయవలెను అను సలహా ఇట్లు ఎన్నో శతాబ్దములుగా వినబడుచున్నది. కాని సలహా వేరు, నిరూపణము వేరు. ఆహారమును, అలవాట్లను మార్చుకొన్నచో ఈ వ్యాధి నిజముగా ఆగునా? ఆగినచో ఎంతకాలము ఆగును? దానివలన ఆయుర్దాయము పెరుగునా? ఈ ప్రశ్నలలో చివరిదానికి స్పష్టమైన సమాధానము లభించుటకు 21వ శతాబ్దము రావలసి వచ్చినది. ఆ సమాధానము వచ్చిన విధమును తెలిసికొందము.

1922 జనవరిలో కెనడా దేశమునందలి టొరంటో నగరమున, మృత్యుముఖమున నున్న 14 ఏండ్ల బాలునకు ఇన్సులిన్ ఇచ్చి బ్రతికించిరి. బాల్యములో వచ్చు మధుమేహమున క్లోమము ఇన్సులిన్‌ను తయారుచేయజాలదు. కనుక దానిని బయటినుండి ఇచ్చుటయే మార్గము. అయితే మధుమేహులలో అధికసంఖ్యాకులకు వచ్చునది రెండవ రకము. ఇందులో ఇన్సులిన్ ఉన్నను శరీర కణములు దానికి సరిగా లోబడవు. క్లోమము కొంతకాలము అధికముగా శ్రమించి, క్రమముగా అలసిపోవును. ఇది నొప్పి లేకుండ, నెమ్మదిగా వచ్చు వ్యాధి. అందుచేత రోగి వైద్యుని వద్దకు పోవునప్పటికి, వ్యాధి అతనిలో చేరి కొన్ని సంవత్సరములు గడచియుండవచ్చును.

ఈ సంగతి ఒక చిన్న ఊరిలో లెక్కలతో బయటపడినది. అమెరికాలోని మాసాచుసెట్సు రాష్ట్రమున ఆక్స్‌ఫర్డు అను ఊరు కలదు. 1946-47లో ఆ దేశపు ప్రజారోగ్య శాఖ పక్షమున విల్కర్సన్, క్రాల్ అను వైద్యులు, రోగులు వచ్చువరకు వేచియుండక, ఊరివారినందరిని పరీక్షింప బూనిరి. జనాభా 4,983, పరీక్షకు వచ్చినవారు 3,516. వారిలో 70 మందికి మధుమేహ మున్నట్లు తేలినది. ఈ 70 మందిలో తమకు వ్యాధి కలదని అంతకుముందే ఎరిగినవారు 40 మంది మాత్రమే. తక్కిన 30 మందికి పరీక్ష చేయువరకు ఆ సంగతియే తెలియదు. ఆసుపత్రి రిజిస్టరులో కనబడునది వ్యాధిలో ఒక భాగము మాత్రమే అని దీనివలన స్పష్టమైనది.

తరువాత మరొక మెట్టు పైకి ఎక్కవలసి యుండెను. తెలియని రోగులను వెదకుట సాధ్యమైనప్పుడు, ఇంకను రోగులు కానివారిని, కాబోవుచున్నవారిని గుర్తించుట సాధ్యము కాదా? 75 గ్రాముల గ్లూకోజును నీటిలో కలిపి త్రాగించి, రెండు గంటల తరువాత రక్తమును పరీక్షింతురు. 100 మిల్లీలీటర్లకు గ్లూకోజు 140 మిల్లీగ్రాములకు లోపల నున్నచో ఆరోగ్యము. 200 గాని అంతకు మించి గాని యున్నచో మధుమేహము. ఈ రెంటికి నడుమ నున్నవారు రోగులు కారు, పూర్తిగా ఆరోగ్యవంతులును కారు. 1979, 1980 సంవత్సరములలో అమెరికా నిపుణులును, ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఈ మధ్యదశను ప్రత్యేకముగా గుర్తించి పేరు పెట్టిరి. నివారణకు తగిన చోటు ఇదియే అని పలువురు తలంచిరి. అది నిజమో కాదో పరీక్షించి చూడవలసి యుండెను.

ఆ పరీక్ష చైనా దేశపు ఈశాన్య భాగమున, దాచింగు నగరమున జరిగినది. 1959లో నూనె నిక్షేపములు బయటపడిన తరువాత పెరిగిన పారిశ్రామిక నగర మది. 1986లో పాన్ షియావోరెన్ అను వైద్యుడును, ఆయన సహచరులును ఆ నగరమునందలి 33 చికిత్సాలయములలో 1,10,660 మందిని పరీక్షించి, మధ్యదశలో నున్న 577 మందిని ఏరిరి. తరువాత చికిత్సాలయములను యాదృచ్ఛికముగా నాలుగు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు ఆహార నియమము, రెండవదానికి వ్యాయామము, మూడవదానికి ఆ రెండును ఏర్పరచిరి. నాలుగవ వర్గమునకు మామూలు వైద్యమే. మనుష్యులను విడివిడిగా గాక చికిత్సాలయములనే విభజించుటవలన ఒక మేలు కలదు. ఒకే చోట కలిసికొనువారు ఒకరి నియమములను మరొకరు నేర్చుకొనిన యెడల, వర్గముల నడుమ భేదము చెడిపోవును గదా!

వారు విధించిన నియమములు కఠినమైనవి కావు. బరువు ఎక్కువైనవారు నెలకు అరకిలో మొదలు కిలో వరకు తగ్గవలెను. కూరగాయలు పెంచి, చక్కెరను, మద్యమును తగ్గింపవలెను. వ్యాయామమును యూనిట్లుగా లెక్కించిరి. 30 నిమిషములు మెల్లగా నడచినను, 20 నిమిషములు వేగముగా నడచినను లేక సైకిలు త్రొక్కినను, 10 నిమిషములు మెట్లెక్కినను, 5 నిమిషములు తాడాట ఆడినను ఒక యూనిట్టే. రోజుకు ఒక యూనిట్టు అదనముగా చేసినచో చాలును.

1992లో ఆరు సంవత్సరములు ముగిసినవి. మామూలు వైద్యము పొందిన వర్గమున నూటికి 67.7 మంది మధుమేహులైరి. ఆహార నియమము పాటించిన వర్గమున 43.8, వ్యాయామ వర్గమున 41.1, రెంటిని పాటించిన వర్గమున 46.0 మందికి మాత్రమే వ్యాధి వచ్చినది. విద్యార్థులు ఇచట ఒక చిన్న లెక్క చేయవచ్చును. నూరుగురిలో సుమారు 24 మంది తప్పించుకొనిరి. అనగా నలుగురు నియమము పాటించినచో, వారిలో ఒకరికి ఆ ఆరు సంవత్సరములలో వ్యాధి రాకుండ ఆగినదన్న మాట.

కథ ఇంతటితో ముగిసియుండిన యెడల ఒక చిక్కు మిగిలియుండెడిది. 1992 తరువాత ప్రత్యేక బోధన నిలిచిపోయినది. ఇరువది సంవత్సరముల ఫలితములు 2008లో ప్రకటింపబడినప్పుడు, నియమములు పాటించిన మూడు వర్గములను కలిపి చూడగా, నూటికి 80 మంది మధుమేహులై యుండిరి. మామూలు వర్గమున 93 మంది. మరణముల సంఖ్యలో నిశ్చయముగా చెప్పదగిన భేదము కనబడలేదు. చివరకు ఎక్కువమందికి వ్యాధి రానే వచ్చినది. ప్రాణములు నిలిచిన జాడ లేదు. మరి ఇంత శ్రమకు ఫలమేమి అని ఎవరైన అడిగియుండవచ్చును.

పరిశోధకులు లెక్కింపు మానలేదు. 2014లో 23 సంవత్సరముల ఫలితములు వచ్చినవి. మామూలు వర్గమున నూటికి 38.4 మంది మరణింపగా, నియమములు పాటించిన వారిలో 28.1 మందియే మరణించిరి. ఈ లాభము ముఖ్యముగా స్త్రీలలో కనబడినది. 2019లో 30 సంవత్సరముల లెక్క తేలినది. వ్యాధి రాక సగటున 3.96 సంవత్సరములు వెనుకబడినది, ఆయుర్దాయము 1.44 సంవత్సరములు పెరిగినది. గుండె జబ్బులు, కంటి జబ్బులు తగ్గినవి. కారణము ఊహింపదగినదే. అధికమైన గ్లూకోజు రక్తనాళములను చెరచుటకు కాలము కావలెను. వ్యాధి నాలుగేండ్లు ఆలస్యముగా వచ్చినచో, ఆ చెరుపు కూడ ఆలస్యమగును. ఇచట నివారణ యనగా పూర్తిగా తప్పించుట కాదు, వాయిదా వేయుట. ఆ వాయిదాయే ప్రాణరక్షణ మైనది.

ఈ ఫలితమును ఇతర దేశములును బలపరచినవి. ఫిన్లండులో 522 మందిపై, అమెరికాలో 3,234 మందిపై జరిగిన పరిశోధనలలో జీవనవిధానపు మార్పు వలన వ్యాధి నూటికి 58 పాళ్ళు తగ్గినది. మన పొరుగున చెన్నై నగరమున ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు 531 మందిని మూడు సంవత్సరములు పరిశీలించి 2006లో ఫలితములు ప్రకటించిరి. సలహా పొందనివారిలో నూటికి 55.0 మందికి, పొందినవారిలో 39.3 మందికి వ్యాధి వచ్చినది. విశేషమేమనగా, సలహా పొందినవారి బరువు చెప్పుకోదగినంత తగ్గకుండగనే ఈ లాభము కలిగినది. స్థూలకాయము అంతగా లేకున్నను మధుమేహము వచ్చు మన దేశమునకు ఇది గమనింపదగిన విషయము.

భారతదేశమున 2010లో మధుమేహము, గుండె జబ్బులు, క్యాన్సరు మొదలగువాని నివారణకు జాతీయ కార్యక్రమము 100 జిల్లాలలో ప్రారంభమైనది. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి అంచనా ప్రకారము, 2021 నాటికి దేశమున 10.1 కోట్ల మంది మధుమేహులు, 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో నున్నవారు. ఈ రెండవ సంఖ్యయే పెద్దదనుట గమనింపుడు. దాచింగులో ఏరిన 577 మంది వంటివారే వీరందరును.

ఇట్టి కార్యక్రమములను ఒకటి రెండు సంవత్సరముల ఫలితములను బట్టి తూచి, ప్రయోజనము లేదని మానివేయుట సులభము. ఇరువదవ యేట లెక్క ముగించియుండినచో దాచింగు పరిశోధన కూడ ప్రాణములు కాపాడలేదనియే వ్రాసికొని యుండెడివారము. ఉపాధ్యాయులు ఈ అంకెలను తరగతిలో నల్లబల్లపై వ్రాసి చూపుదురు గాక! ఇంటికి పోయి తలిదండ్రులను రక్తపరీక్షకు తోడ్కొనిపోవు విద్యార్థి ఒక్కడున్నను, ఆ పాఠము సార్థకమే.