నడిచి ఆర్జించిన విద్య

హదీసు గ్రంథాలు చదివేటప్పుడు మనలో చాలామంది ఉల్లేఖకుల పేర్ల వరుసను గబగబా దాటి అసలు ప్రవచనం దగ్గర ఆగుతారు. ఆ వరుసలో ఒకరు రయ్ నగరవాసి, ఆయన ఎవరి నుండి విన్నారో ఆయన సిరియాలోని హిమ్స్ వాసి అయి ఉంటారు. ఆ రెండు పేర్ల నడుమనున్న "నుండి" అనే చిన్న మాట వెనుక నెలల తరబడి సాగిన ప్రయాణం ఉంది. ఎందరో విద్యార్థులకు అది కాలినడక ప్రయాణమే.

హిజ్రీ 195 (క్రీ.శ. 811)లో రయ్‌లో జన్మించిన ఇమామ్ అబూ హాతిమ్ రాజీ (రహ్మ) సంగతే చూడండి. హిజ్రీ 213లో ఇల్లు విడిచి, 221లో తిరిగి వచ్చారు. తాను నడిచిన దూరాన్ని వెయ్యి ఫర్సఖ్‌లు దాటే వరకు లెక్కించి, ఆ తర్వాత లెక్క మానేశానని ఆయన తన కుమారునితో చెప్పారు. ఫర్సఖ్ అంటే సుమారు 5, 6 కిలోమీటర్లు. ఈజిప్టు నుండి రమ్లాకు, తర్వాత తబరియ్యా, దమిష్క్, హిమ్స్, అంతాకియాల మీదుగా తర్సూస్‌కు నడిచారు. అంత దూరం పోయాక, హిమ్స్‌లో అబుల్ యమాన్ (రహ్మ) హదీసులు కొన్ని మిగిలిపోయాయని మళ్ళీ వెనక్కి నడిచారు!

ఎవరి ప్రతినైనా చూసి రాసుకోవచ్చు కదా అని నేటి పాఠకునికి తోచవచ్చు. గురువు నోట వినకుండా కేవలం ప్రతి చూసి రాసుకున్నదాన్ని హదీసువేత్తలు బలహీనమైన ఆధారంగానే ఎంచేవారు. పైగా అబూ హాతిమ్ (రహ్మ) ఉల్లేఖకుల గుణదోషాలను నిర్ణయించే విద్యలో దిట్ట. ఫలానా వ్యక్తి జ్ఞాపకశక్తి ఎంతటిది, నడవడి ఎటువంటిది అన్నది ఇంట్లో కూర్చుంటే తెలిసేది కాదు. ఆయన కుమారుడు ఇబ్ను అబీ హాతిమ్ (రహ్మ) కూర్చిన "అల్ జర్హ్ వత్తాదీల్" గ్రంథంలోని తీర్పులకు ఈ నడకే పెట్టుబడి.

అయితే మన ఉపన్యాసకులు కొందరు ఈ కష్టాలనే పుణ్యంగా వర్ణిస్తుంటారు. అది సరికాదని నా అభిప్రాయం. కాబాకు నడిచి వస్తానని మొక్కుకుని, ఇద్దరు కొడుకుల ఆసరాతో కాళ్ళీడ్చుకుంటూ పోతున్న వృద్ధుణ్ణి చూసి, ఇతను తనను తాను హింసించుకోవలసిన అవసరం అల్లాహ్‌కు లేదని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. వాహనమెక్కి వెళ్ళమని ఆదేశించారు. ఒకే ఒక్క హదీసు కోసం నెల రోజులు ప్రయాణించిన హజ్రత్ జాబిర్ (రజి) ఒంటె కొనుక్కునే వెళ్ళారు. అబూ హాతిమ్ (రహ్మ) నడిచింది చేతిలో పైకం లేక. హిజ్రీ 214లో బస్రాలో ఏడాది ఉండాలనుకుని, 8 నెలలకే డబ్బు అయిపోగా ఒంటిమీది బట్టలు ఒక్కొక్కటే అమ్ముకున్నారు. రెండు రోజులు మంచినీళ్ళతోనే గడిపారు. చివరికి ఒక సహపాఠి తన వద్ద మిగిలిన ఒక్క దీనారులో సగం పంచి ఇచ్చాడు.

మరొకసారి ఓడ దిగి ఇద్దరు మిత్రులతో సముద్రతీరాన నడుస్తుండగా తిండీ నీరూ అయిపోయి స్పృహ తప్పారు. వేరే ఓడవారు నీళ్ళు పోసి బ్రతికించారు. తర్వాత మళ్ళీ ఆకలి; ఒడ్డున పడివున్న తాబేలును పగులగొట్టి, లోపలి పచ్చసొన లాంటి పదార్థాన్ని ఆల్చిప్పలతో తోడుకుని తిన్నారు. రాయా పట్టణ అధికారి ఆశ్రయమిచ్చి రోజూ సొరకాయ కూరే పెట్టించాడట. మాంసం మాటే ఎత్తడేమని వీరిలో ఒకరు పారశీకంలో గొణిగితే, మా నానమ్మ హెరాత్ మనిషి, నాకు పారశీకం వచ్చునని ఆయన బదులిచ్చి, ఆపై మాంసం తెప్పించాడు.

ఇంటికి చేరిన 21 ఏళ్ళకు, హిజ్రీ 242లో, 47 ఏళ్ళ వయసులో అబూ హాతిమ్ (రహ్మ) మళ్ళీ బయలుదేరారు. ఈసారి తిరిగి రావడానికి మూడేళ్ళు పట్టింది.