సెంట్ ఆండ్రూస్ ఇసుకనేల

స్కాట్లండు తూర్పుతీరమున, ఫోర్త్, టే అను రెండు నదులు సాగరమున గలియు చోట్ల నడుమ, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన ఫైఫ్ అను సీమ కలదు. ఎఱ్ఱపెంకుల కప్పులతో నొప్పు జాలరిపల్లెలు, గాలికి వంగిన గడ్డిమేటలు, శిథిలములైన కోటలు ఆ సీమకు సహజాలంకారములు. క్రెయిల్, ఈలీ మొదలగు ఊళ్లన్నిటను సముద్రపుటంచున గోల్ఫ్ మైదానములున్నవి. వానిలో క్రెయిల్ క్రీడాసంఘము 1786 నాటిది. ఓపెన్ అను గోల్ఫ్ పోటీలో ఐదుమారులు విజేతయైన జేమ్స్ బ్రెయిడ్ ఈలీ ప్రక్కనున్న ఎర్ల్స్‌ఫెర్రీలో జన్మించినవాడు. అయినను ఆ క్రీడాచరిత్రము నెఱుగగోరువాడు ముందుగా పోవలసినది, 1413లో విశ్వవిద్యాలయము వెలసిన సెంట్ ఆండ్రూస్ పట్టణమునకే.

అచ్చటి పురాతన మైదానమును, అనగా ఓల్డ్ కోర్సును, ఏ శిల్పియు కాగితముపై గీచి నిర్మింపలేదు. సముద్రము వెనుకకు దగ్గగా మిగిలిన ఇసుకమేటలపై సన్నని గడ్డి మొలచినది. ఆ నేల నాగలికి లొంగదు, పైరునకు బనికిరాదు. కనుకనే అది ఒక్కనికి స్వంతము గాక ఊరివారందరికి దక్కినది. గొఱ్ఱెలు మేసెడిచోట, జాలరులు వలలారవేసికొనెడిచోట, స్త్రీలు ఉదికిన బట్టలు పఱచెడిచోట ఊరివారు కఱ్ఱతో బంతిని గొట్టుచు గుంతనుండి గుంతకు నడచిరి. గాలికోర్వలేని గొఱ్ఱెలు మేటల చాటున ఒదిగి ఒరసి చేసిన పల్లములే నేటి బంకర్లకు, అనగా ఇసుకగుంటలకు, మూలములని పెద్దలందురు. ఇప్పుడచ్చట నూటికిపైగా బంకర్లున్నవి; వానిలో నొక్కటి నరకమను పేరు దాల్చి పదునాల్గవ గుంతకు దారిలో పొంచియుండును.

ఈ యాటను రాజులు మొదట సహింపలేదు. విలువిద్య నలవరచుకొనవలసిన యువకులు బంతుల వెంట దిరుగుచున్నారని స్కాట్లండు రాజు రెండవ జేమ్స్ కాలమున, 1457లో పార్లమెంటు గోల్ఫును నిషేధించెను. 1471లోను, 1491లోను ఆ శాసనము మరల వెలువడెను. మాటిమాటికి నిషేధింపవలసివచ్చిన దనగా ప్రజలు వినలేదనియే గదా. కడపటి శాసనము నాటి రాజగు నాల్గవ జేమ్సే 1502లో పెర్త్ నగరమున విండ్లు చేయువానియొద్ద గోల్ఫ్ కఱ్ఱలు కొనెను.

1552లో ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్, ఆ ఇసుకనేలపై కుందేళ్లను పెంచుకొను ననుమతిని పురపాలకులనుండి పొందుచు, అచ్చట గోల్ఫు నాడుకొనుటకు పురజనులకు గల హక్కును లిఖితపూర్వకముగా నంగీకరించెను. ఈ పత్రమే సెంట్ ఆండ్రూస్‌కు నిజమైన పునాది యని నా నమ్మిక. 1754లో ఇరువదిఇద్దరు ప్రభువులును పెద్దమనుష్యులును గూడి స్థాపించిన సంఘము, 1834లో నాల్గవ విలియం రాజు అనుమతిచే ‘రాయల్ అండ్ ఏన్షియంట్’ అయినది. నాడు ఇరువదిరెండుగా నుండిన ఆటను 1764లో పదునెనిమిది గుంతలకు గుదించినది కూడ ఆ సంఘమే. లోకమందలి మైదానములు పెక్కు కాలక్రమమున ఆ సంఖ్యనే అనుసరించినవి. కాని సంఘము గొప్పది గనుక నేల మిగులలేదు. పురజనులకు హక్కుండుటచేతనే నేల మిగిలినది.

అందుకు నిదర్శనము త్వరలోనే కలిగెను. పురపాలకసంఘము అప్పులపాలై 1797లో ఆ భూమిని వదలుకొనగా, అది కుందేళ్ల వ్యాపారుల చేతబడి, ఆటస్థలమంతయు బొరియలమయమాయెను. కుందేళ్లను జంపుట తమ హక్కని పురజనులును, పెంచుట తమ హక్కని వ్యాపారులును చిరకాలము న్యాయస్థానముల కెక్కిరి. తుదకు 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి ఆ నేలను గొని గోల్ఫునకు రక్షణ గల్పించెను.

ఆ యేడాదియే ఆ పట్టణమున టామ్ మారిస్ జన్మించెను. అతడు శుశ్రూష చేసినది అలన్ రాబర్ట్‌సన్ అను బంతుల పనివానియొద్ద. నాటి బంతి చేయుట యెంతటి శ్రమయో వినదగినది. తోలుముక్కలను గుట్టి, తిరుగవేసి, చిన్న కన్నము విడిచి, ఒక పొడుగుటోపీ నిండుగా ఉడికించిన బాతు ఈకలను ఇనుపకడ్డీతో దానిలోనికి గూరి, కన్నము మూసి యారవేయుదురు. ఆఱుచు తోలు బిగియును, ఈకలు ఉబ్బును. ఆ పెనుగులాటలో బంతి రాయివలె గట్టిపడును. నేర్పరి దినమునకు మూడు నాలుగు బంతులకు మించి చేయజాలడు. ఈకల దుమ్ముతో ఊపిరితిత్తులు చెడును. ఆ బంతి కఱ్ఱకంటెను ప్రియము. వానలో తడిసెనా, చెడిపోవును.

1848 ప్రాంతమున మలయా దేశపు చెట్టుపాలతో జేసిన గట్టా పెర్చా బంతి వచ్చెను. వేడినీట మెత్తబఱచి అచ్చులో నొత్తిన చాలును. పగిలినను మరల జేసికొనవచ్చును. తన వృత్తికి చేటని రాబర్ట్‌సన్ దానిని ద్వేషించెను. టామ్ మారిస్ దానితో నాడుట తెలిసి ఇద్దరును విడిపోయిరి. బంతి చవుకయైనందున బీదలకును ఆట అందినది. టామ్ 1851లో ప్రెస్ట్‌విక్ అను ఊరికి వెడలి, పిదప స్వగ్రామమునకు మరలివచ్చి, దశాబ్దములపాటు ఆ మైదానమును స్వహస్తములతో సాకెను; మొత్తము నాలుగుమారులు ఓపెన్ గెలిచెను. 1873లో ఓపెన్ తొలిసారి సెంట్ ఆండ్రూస్‌లో జరిగెను. తండ్రివలెనే నాలుగుమారులు గెలిచిన అతని కుమారుడు 1875 క్రిస్మస్ నాడు ఇరువదినాలుగేండ్లకే మరణించుట ఆ పట్టణము మఱువని దుఃఖము.

అంతకు మునుపే, 1867లో, ఆ పట్టణపు స్త్రీలు తమకొక సంఘము నేర్పరచుకొనిరి; వారాడెడి ఎగుడుదిగుడు పచ్చికకు హిమాలయములని పేరు.

1894లో పార్లమెంటు చట్టముచే నేల తిరిగి పట్టణపు పరమైనది. 1974 నుండి ఒక ట్రస్టు దానిని పాలించుచున్నది. ఓల్డ్ కోర్సు నేటికిని ఏ సంఘమునకును సొంతము గాదు. ఆట నేర్చినవాడు ఏ దేశస్థుడైనను చీట్లలో పేరు వేయించుకొని, వంతు వచ్చిన నాడు రుసుము చెల్లించి యాడవచ్చును. సాధారణముగా ఆదివారము ఆట యుండదు. ఆనాడు పురజనులు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికపై షికారు పోవుదురు. అటు పోవు తెలుగువారు ఆట రాకున్నను ఆదివారమున అచ్చట నడచి చూడవలెనని నా కోరిక.